వెనక సీటు

"ఇది స్టాఫ్ సీటు. వెనకకు పో."

జైపాల్ తల ఎత్తకుండానే అన్నాడు. ఎత్తాల్సిన పని లేదు. పక్కన కూర్చోబోయిన మనిషి చేతిలో పసుపు హెల్మెట్ కనబడింది, చాలదా?

కాజీపల్లి మందుల కంపెనీ బస్సులో ఇది ఎవరూ రాయని చట్టం. తెల్ల హెల్మెట్ల స్టాఫ్ ముందు, పసుపు హెల్మెట్ల కాంట్రాక్టు కూలీలు వెనక. సంగారెడ్డి చౌరస్తాలో ఎక్కే ప్రతివాడికీ తెలుసు. ఈ మనిషెవరో కొత్తవాడు కాబోలు.

నల్లటి మనిషి. యాభై ఏళ్లుంటాయి. కోపం తెచ్చుకోలేదు.

"పర్వాలేదు సార్. ఎనకకెల్లి చూస్తే అందరు కనవడ్తరు," అని నవ్వి ఆఖరి సీటుకు పోయాడు.

జైపాల్ మళ్లీ ఫోన్‌లో పడ్డాడు. వారం వారం వచ్చే 'ఏడో కక్ష్య' అనే అంతరిక్ష సీరియల్ కథ అంటే అతనికి ప్రాణం. అభిమానుల గ్రూపు పెట్టింది కూడా అతనే. రాసేదెవరో ఎవరికీ తెలియదు. పేరు ఉండాల్సిన చోట 'ప్రయాణికుడు' అని మాత్రం ఉంటుంది. ఆ మనిషిని ఒక్కసారి కళ్లారా చూడాలని, రెండు చేతులూ పట్టుకోవాలని జైపాల్ కోరిక.

ఇప్పుడా రచయిత ఒక చిక్కు పెట్టాడు. ఓడలో ఇద్దరు కెప్టెన్లు, తేజ్, మైసయ్య. "ఆఖరి భాగంలో మైసయ్య బతకాలా, చావాలా? మీరు ఎట్లా అంటే అట్లా" అన్నాడు. ఓటుకు ఇవాళే గడువు.

చావాలని జైపాల్ పంతం. బస్సులో సీటు సీటుకూ తిరిగి ఓట్లడిగాడు. కథ ఒక్క ముక్క చదవనివాళ్లు కూడా వేశారు. ఓటు విషయంలో మనవాళ్లది పెద్ద చెయ్యి.

తిరిగి తిరిగి ఆఖరి సీటు దగ్గరికి వచ్చాడు.

"ఫోన్ తియ్యి. ఒక ఓటెయ్యాలె."

"ఎందుకు సార్?"

"మైసయ్య సావాలె అని."

"ఏం తప్పు జేసిండు?"

"పొగరు. ఇంజన్ ఆపొద్దని పైనుంచి హుకుం. ఇనకుండ ఆపిండు."

"ఆపకుంటే ఏమైతుండె?"

"గ్యాస్ లీకై నలభై మంది సస్తుండె. అది వేరే ముచ్చట."

"మరి తేజ్ ఎన్నడు హుకుం దాటలేదా?"

జైపాల్ ఆశ్చర్యపోయాడు. "నువ్వు గూడ చదువుతవా?"

"జెర జెర. మీ ఫోన్ల గా కథ చూసే, మీ పక్కకు కూసుందామనుకున్న."

"తేజ్ దాటిండు. బయట ఇరుక్కున్న ముగ్గురి కోసం ఓడను వాపస్ తిప్పిండు. దమ్మంటే అది."

"ముగ్గురిని కాపాడితే దమ్ము. నలభై మందిని కాపాడితే పొగరు."

జైపాల్‌కు చిర్రెత్తింది. "అరె, తేజ్ మొఖం చూస్తేనే కెప్టెన్ లెక్క ఉంటడు. వీడు కర్రెగ... గా పేరొకటి, మైసయ్య! మా కొండాపూర్ దిక్కు బర్లు కాసెటోని పేరు. అంతరిక్షంల గసొంటి పేరేంది?"

నిజానికి జైపాల్‌దీ చామనచాయకు ఒక మెట్టు కిందే. ఆ సంగతి ఇంట్లో అద్దం తప్ప అతనికెవరూ చెప్పలేదు.

ఆ మనిషి ఒళ్లో వెల్లకిలా ఉన్న హెల్మెట్‌ను మెల్లగా బోర్లించాడు.

"నా ఓటు చెల్లది సార్."

ఫోన్ లేదేమో అనుకుని జైపాల్ తన సీటుకు వచ్చేశాడు. పేరైనా అడగలేదు.

ల్యాబ్‌లో పనికి కూర్చున్నా ఆ దమ్ము, పొగరు మాట వదల్లేదు. ఒకే మందును రెండు కొలతలతో కొలిస్తే ఇక్కడ ఉద్యోగం ఊడుతుంది. తను చేసిందేమిటి? మధ్యాహ్నం ఓటు మార్చబోయాడు. వేసిన ఓటు మారదంది ఫోను. "మైసయ్యను బతకనిద్దాం" అని గ్రూపులో రాస్తే అందరూ నవ్వారు. నవ్వడం నేర్పింది తనే మరి.

సోమవారం ఆఖరి భాగం వచ్చింది. జైపాల్ బస్సులోనే చదివాడు.

చావే గెలిచింది. రచయిత మాట తప్పలేదు. ఓడ రెండు ముక్కలు కాబోతోంది. ముందు భాగంలో ఉన్నవాళ్లే బతుకుతారు. మైసయ్య అక్కడ ఉన్న ఒక్క ఖాళీ సీటులో కూర్చోబోయాడు. ఎవరో కుర్ర ఆఫీసర్ తల ఎత్తకుండానే, "ఇది స్టాఫ్ సీటు. వెనకకు పో," అన్నాడు.

మైసయ్య నవ్వాడు. "పర్వాలేదు సార్. ఎనకకెల్లి చూస్తే అందరు కనవడ్తరు."

వెనకకు పోయి, మధ్య తలుపు తనే మూశాడు.

జైపాల్ కళ్లు నిండిపోయాయి. లేచి, సీట్లు పట్టుకుంటూ బస్సు చివరికి పోయాడు. ఆఖరి సీటు ఖాళీగా ఉంది.

కంపెనీ గేటు దగ్గర ఆఖరి సీటు మనిషి గురించి డ్రైవర్ మల్లేష్‌ను అడిగాడు.

"గా పెద్దమనిషా? కాంట్రాక్టు శనివారమే అయిపాయె. ఎటు వోయిండో ఏమో."

"కొత్తగ వచ్చిండు గదా?"

"కొత్తేంది సార్! ఆర్నెల్ల సంది మన బస్సుల్నే వచ్చిండు. ఎప్పుడు జూసినా ఫోన్ల ఏదో రాస్తుండె." మల్లేష్ సీటు పక్క నుంచి ఒక పసుపు హెల్మెట్ తీశాడు. "మరిచిపోయిండు. లోపలికే పోతున్నరు గద, జెర స్టోర్ల ఇయ్యుండ్రి."

జైపాల్ దాన్ని రెండు చేతులా అందుకున్నాడు. ఒకరిది ఒకరికి పోకుండా కూలీలు హెల్మెట్ లోపల పేరు రాసుకుంటారు.

తిప్పి చూశాడు. చెమటకు సగం చెరిగిన నల్ల అక్షరాల్లో 'మైసయ్య' అని ఉంది.