తొమాసా రాసింది, నిదియా చదివింది

“తొమాసక్క ‘పళ్ళెం విసిరాడు’ అని రాస్తే, నువ్వు ‘పళ్ళెం పడింది’ అంటావేంటమ్మా?” అంపారో టీచరు మధ్యలోనే ఆపేసింది.

నిదియా నవ్వేసింది. “ఇంగ్లీషులో అంత కోపం బాగుండదు టీచరమ్మా.”

“బాగుండటం కాదు, ఉన్నది ఉన్నట్టు రావాలి. మళ్ళీ చదువు.”

అమెరికాలోని ఎల్ పాసో ఊరి లైబ్రరీ వెనక గదిలో ప్రతి శనివారం ఆడవాళ్ళకి జరిగే రచనా తరగతి అది. ఇవాళ్టితో ఆఖరు. పద్ధతేమిటంటే, ఇద్దరిద్దరు జంట కట్టాలి. ఒకరు స్పానిష్‌లో రాసి చదివితే, రెండో ఆవిడ అదే ముక్కని ఇంగ్లీషులో చదవాలి. ‘నేను’ అని ఉన్నచోట తనూ ‘నేను’ అనే అనాలి. రాసింది నిజమా అని మాత్రం ఎవరూ అడగకూడదు. ‘కథలో ఆవిడ’ అనాలి, అంతే. ఆ రూలు పెట్టింది అంపారోయే. ఇప్పుడు అదే ఆమె నోరు కట్టేసింది.

తొమాసా, నిదియా గోడ కలిసిన పక్కపక్క ఇళ్ళవాళ్ళు కాబట్టి జంటగా కుదిరారు. పెద్దావిడ తొమాసాకి ఇంగ్లీషు ముక్క రాదు. నిదియా బ్యాంకు ఉద్యోగి, గలగలా మాట్లాడే మనిషి. ఆమె భర్త ఎఫ్రాయిన్ ఇద్దరినీ కార్లో దింపి, మళ్ళీ వచ్చి తీసుకెళ్తాడు. దింపినప్పుడల్లా తరగతి మొత్తానికీ తీపి రొట్టెలు ఇచ్చి పోతాడు.

“మొగుడంటే నీ మొగుడేనే! మావాడు గ్లాసుడు మంచినీళ్ళు కూడా ఇవ్వడు,” అంటూ చయో అనే ఆవిడ రెండో రొట్టె అందుకుంది. తొమాసా మాత్రం వాటిని ముట్టనే ముట్టదు.

నిదియా మళ్ళీ మొదలుపెట్టింది. “అతను పళ్ళెం విసిరాడు. తర్వాత రేడియో పెద్దగా పెట్టాడు. రేడియో మోగిందంటే ఇక మొదలవుతుందని నాకు తెలుసు. ‘రేపు ఇంటికి రా, నీ సంగతి చెప్తాను’ అన్నాడు.” చివరికి వచ్చేసరికి గొంతు సన్నగా అయిపోయింది.

చయో కళ్ళు తుడుచుకుంది. “నువ్వు సినిమాల్లో చేరాల్సింది నిదియా!”

అంపారో మెల్లగా అడిగింది. “అక్కా, ఎప్పుడు రాశారు ఇది?”

“నిన్న రాత్రి,” అంది తొమాసా.

అంపారో కుర్చీ ఆవిడ దగ్గరికి జరుపుకుంది. రేపు అంటే ఇవాళే కదా! “కథలో... అన్నీ చప్పుళ్ళే ఉన్నాయక్కా. అతనెలా ఉంటాడు? ముఖం రాయలేదేం?”

“ముఖం మంచిదే టీచరమ్మా. చూస్తే ఎవరూ నమ్మరు.”

“మరి కథలో ఆవిడ పోలీసులకి ఫోను చెయ్యదేం?” అంది చయో.

“చెయ్యదు. ఎంత చెప్పినా చెయ్యదు,” అని తొమాసా తల దించుకుంది.

ఎన్ని వారాలుగానో ఇదే నరకం అంపారోకి. ఒకసారి ఇలాంటివాళ్ళకి సాయం చేసే సంస్థ ఫోను నంబరు చీటీ మీద రాసిస్తే, తొమాసా దాన్ని మడిచి నిదియా సంచిలో వేసింది. పాపం, ఇంగ్లీషులో ఉందని కాబోలు అనుకుంది అంపారో. ఈ పూట దాటితే ఇక ఆవిడ కంటికి కూడా కనబడదు. ఆ ఇంటికే పోతుంది, ఆ రేడియో మోగుతుంది. రూలు పెట్టుకుని చూస్తూ కూర్చోవడమేనా?

తరగతి అయిపోయాక నిదియాని పక్కకి లాగింది. “పక్కిల్లే కదా నీది. నీకేం వినబడదా?”

“అడగకూడదన్నది మీరే కదా టీచరమ్మా!” నిదియా నవ్వుతూ కాఫీ గిన్నె కడగడానికి వెళ్ళిపోయింది.

అంపారోకి ఒళ్ళు మండింది. ఏం మనుషులో! పక్కవాళ్ళ బాధ కూడా పట్టదు!

బయట కారు ఆగింది. ఎఫ్రాయిన్ టోపీ తీసి, వంగి నమస్కరించాడు. వరండాలో తొమాసా నిలబడి ఉంది. ఆవిడకి తలవంపుగా ఉంటుందని, అర్థం కాకుండా అంపారో ఇంగ్లీషులోనే మాట్లాడింది.

“మీరు మంచివారు కాబట్టి చెప్తున్నాను. తొమాసాని ఇవాళ ఆ ఇంటికి పోనివ్వకండి. మీ దగ్గరే ఉంచుకోండి.” పళ్ళెం సంగతి, రేడియో సంగతి, ‘రేపు ఇంటికి రా’ అన్న బెదిరింపు, అన్నీ గబగబా చెప్పేసింది. “ఆవిడ రాస్తే మీ ఆవిడే ఇంగ్లీషులో చదివింది. అందరం ఏడ్చాం తెలుసా!”

ఎఫ్రాయిన్ టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు. “నిదియా చదివిందా? అందరి ముందరా?”

“వారం వారం.”

“అయ్యో పాపం. నాకు చెప్పి మంచిపని చేశారు మేడమ్.”

చేతులు తుడుచుకుంటూ నిదియా వచ్చింది. అతను ఎంతో మర్యాదగా ముందు తలుపు తీసి పట్టుకున్నాడు. “పద, ఇంటికెళ్దాం.” నిదియా అతని ముఖం చూసింది, తర్వాత టీచరు ముఖం చూసింది. ఈసారి నవ్వలేదు. తొమాసా వచ్చి వెనక తలుపు మీద చెయ్యి వేసేలోగా కారు కదిలిపోయింది.

“అదేంటి, మిమ్మల్ని ఎక్కించుకోమనే కదా చెప్పాను!” అంది అంపారో.

తొమాసా ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. “వాడికేం చెప్పావు?”

“కోప్పడకండి అక్కా. ఇక చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు. మీ ఆయన సంగతి, మీరు రాసిందంతా చెప్పేశాను.”

తొమాసా మెట్ల మీద కూలబడింది. కారు మలుపు తిరిగి కనబడకుండా పోయింది.

“నాకు మొగుడు లేడమ్మా, నేను రాసిందంతా మా గోడ అవతల నుంచి విన్నది.”