సరి సంఖ్యల స్లైడ్లు

ఆగండాగండి, ఎలుకలు, పేగులు అనగానే మొహం తిప్పేసుకోకండి. ముందు ఇది వినండి!

ల్యాబ్‌లో సీనియర్ పెద్దక్క చేతిలో పిచ్చుక నోట్‌బుక్ ఉంది. పిచ్చుకంటే ల్యాబ్‌లో అందరికన్నా చిన్నది. ఒక్కచోట కుదురుగా ఉండదని ఆ పేరు. నోట్‌బుక్ పెద్దక్క బల్ల మీద మర్చిపోయి ఇంటికెళ్ళిపోయింది. పెద్దక్క దాన్ని తెరవకూడదు. తెరిచింది.

"సరి సంఖ్యలు మందు, బేసి సంఖ్యలు ఉప్పునీళ్ళు."

గబుక్కున మూసి, ఉన్నచోటే పెట్టేసింది. పేగు వాచిన ఇరవై ఎలుకల్లో సగానికి పిచ్చుక తయారుచేసిన మందు, సగానికి ఉత్త ఉప్పునీళ్ళు ఇచ్చారు. ఒంటికి కాపలా కాయాల్సిన తెల్లకణాలు మరీ ఎక్కువై పేగు గోడనే తినేస్తాయే, ఆ జబ్బు. ఒక్కో ఎలుకకి ఒక్కో నంబరు స్లైడు, వాటిలో ఆ కణాలను మైక్రోస్కోపులో లెక్కపెట్టాల్సింది పెద్దక్క. ఏ స్లైడు ఏదో లెక్కపెట్టే మనిషికి తెలియకూడదు! కణాలు తగ్గితే మందు పనిచేసినట్టు, ల్యాబ్ నడిపే మేడమ్ చేతిలో ఖాళీగా ఉన్న ఒకే ఒక్క పర్మనెంటు పోస్టు పిచ్చుకది. తగ్గకపోతే తొమ్మిదేళ్ళుగా టెంపరరీగా పడి ఉన్న పెద్దక్కది.

మర్నాడు పిచ్చుక ట్రే పట్టుకుని ఎగురుకుంటూ వచ్చింది.

"అక్కా, ఇరవై స్లైడ్లు! నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదు తెలుసా?"

"నీకేంటే భయం? మేడమ్ నిన్ను బంగారం అంటుందిగా."

"నిన్నూ అంటారుగా!"

"నన్నా? ‘సీసాలు కడిగించావా’ అంటుంది."

పిచ్చుక పకపకా నవ్వింది. ఆ నవ్వు వింటే చాలు, పెద్దక్కకి ఒళ్ళు మండిపోతుంది. దీనికి పిపెట్ పట్టుకోవడం నేర్పిందెవరు? తను! ఇప్పుడు మేడమ్ పక్క కుర్చీ ఎవరిది?

తలుపేసుకుని కూర్చుంది. ఒకటో స్లైడు, నలభై ఒకటి. రెండోది, నలభై. మూడోది, ముప్ఫై తొమ్మిది. ఇరవయ్యీ చూసినా అంతే, ఏమీ తేడా లేదు. మందు తుస్సు!

అక్కడితో ఆగొచ్చు కదా? ఆగలేదు. పనిచేయలేదంటే మేడమ్ ‘పోన్లే బంగారం, మళ్ళీ చేద్దాం’ అంటుంది. అలా కాదు, ఆ మందే వాపు పెంచిందనాలి. ప్రతి సరి సంఖ్యకీ ఇరవై కలిపి రాసింది.

సాయంత్రం మేడమ్ గదిలో, ఏ నంబరు మందో ఏది ఉప్పునీళ్ళో రాసిన చీటీ దాచిన కవరు చింపారు. మేడమ్ ఒక చేత్తో ఆ చీటీ, ఇంకో చేత్తో పెద్దక్క లెక్క పట్టుకుని రెండూ మార్చి మార్చి చూసింది. పెద్దక్క నవ్వు బిగబట్టుకుంది.

"బంగారం!" అని మేడమ్ అరిచింది. "మందు వేసినవాటిలో కణాలు మూడో వంతు తగ్గాయే!"

‘సరి సంఖ్యలు కదా మందు’ అనబోయి పెద్దక్క నాలుక కరుచుకుంది.

పిచ్చుక వచ్చి పెద్దక్క మెడ చుట్టూ చేతులు వేసేసింది. "అక్కా, నీ బల్ల మీద నోట్‌బుక్ మర్చిపోయాను కదా. నువ్వు చూడవని నాకు తెలుసు. కానీ రేపెవరైనా నీ లెక్కని వేలెత్తి చూపిస్తే? అందుకే పొద్దున్నే మేడమ్‌తో నంబర్లు తిరగేయించాను. సరి సంఖ్యలన్నీ ఉప్పునీళ్ళే!"

"ఇక రోగుల మీద పరీక్షకి అనుమతి అడుగుతూ రాసేద్దాం," అంటూ మేడమ్ కాగితాన్ని ముందుకు తోసింది. "లెక్కపెట్టింది నువ్వు కాబట్టే నమ్ముతున్నాను. ఇక్కడ సంతకం పెట్టు."

చెప్పండి, పెన్ను మీ చేతిలో ఉంటే ఏం చేస్తారు?