గుమ్మం ముందు చెప్పులు

ఈసారి వచ్చినవాళ్ళు వంటింటి దాకా కూడా రాలేదు. హాల్లో నిలబడి పైకప్పు చూశారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఆలోచించుకుని ఫోన్ చేస్తామండీ" అని వెనుదిరిగారు. బ్రోకరు వాళ్ళ వెంటపడి, మెట్లు దిగినంతసేపూ చెవిలో ఏదో చెబుతూనే ఉన్నాడు. పాపం, బతిమాలుతున్నట్టున్నాడు.

కళ్ళజోళ్ళాయన బోసి హాల్లో ఒక్కడే మిగిలాడు. ఇది పదకొండో బేరం. ఇల్లు ఖాళీ పడి మూడు నెలలు.

ఊరికి ఆ చివర ఓ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆయన పని. అందుకే అందరికీ కళ్ళజోళ్ళాయన అయ్యాడు. తానుండేది ఒంటిగది అద్దెకొంప. భార్య పదిహేనేళ్ళు కుట్టుమిషను తొక్కి కూడబెట్టినదానికి బ్యాంకు అప్పు జతచేసి ఈ ఇల్లు కొన్నాడు. వచ్చే అద్దె అప్పుకి పోతుంది, ముసలితనంలో ఇందులోనే కాళ్ళు చాపుకుందాం అనుకున్నారిద్దరూ. ఈ నెలాఖరులోగా ఎవరూ దిగకపోతే ఇక అమ్ముకోవడమే.

బ్రోకరు ఎర్ర హెల్మెట్టు చంకన పెట్టుకుని పైకి వచ్చాడు.

"ఏమంటారు?"

"గాలి ఆడదంటున్నారు సార్."

"మొన్నటివాళ్ళు గాలెక్కువ, దుమ్ము కొడుతుందన్నారుగా!"

"మనుషులు సార్! స్వర్గం చూపించినా బాత్రూమ్ ఎక్కడని అడుగుతారు."

కళ్ళజోళ్ళాయనకు నవ్వు రాలేదు. వాళ్ళు వద్దన్నది ఇంటిని కాదు, తననే అనిపించేది. ఒకసారి నున్నగా గడ్డం గీసుకుని వచ్చాడు. ఒకసారి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. ఒకసారి నోరు విప్పకుండా మూల నిలబడి చూశాడు. ఏం చేసినా అదే మాట, ఫోన్ చేస్తామండీ.

బ్రోకరే లేకపోతే ఏమైపోయేవాడో! ఇక్కడికి రావాలంటే రెండు బస్సులు మారాలి, సగం రోజు సెలవు పెట్టాలి. అందుకే తాళంచెవి అతని చేతికే ఇచ్చాడు. బేరం తగలగానే "నాలుగింటికి రండి సార్" అని ఫోన్ చేస్తాడు. ఎప్పుడూ నాలుగింటికే. చిన్న గదిలో పాతవాళ్ళు వదిలేసిన సామానుందంటే, దానికి విడిగా తాళం వేసి, "నేను ఖాళీ చేయిస్తాగా" అని ఆ తలనొప్పీ నెత్తినేసుకున్నాడు.

ఉపాయాలు కూడా అతనివే.

"ఖాళీ ఇల్లు శవంలా కనిపిస్తుంది సార్. దొంగల కన్ను కూడా పడుతుంది. గుమ్మం ముందు ఓ చెప్పుల జత వదిలేయండి. బాల్కనీలో నాలుగు చొక్కాలు ఆరేయండి. ఓ లైటు వెలుగుతూ ఉండనివ్వండి."

కళ్ళజోళ్ళాయన తన పాత చెప్పులు తెచ్చి గుమ్మం ముందు పెట్టాడు. పాత చొక్కాలు నాలుగు తాడు మీద వేశాడు. కరెంటు బిల్లు కాపురమున్న ఇంటికి వచ్చినంత వచ్చింది. లైటు వెలుగుతోంది కదా అని సరిపెట్టుకున్నాడు.

ఉపాయం భలే పారింది. కింద జిరాక్స్ షాపాయన ఒకరోజు తనంతట తానే మెచ్చుకున్నాడు.

"మీ పైవాళ్ళు ఎంత నెమ్మదస్తులండీ! ఉన్నారో లేరో కూడా తెలీదు."

ఆ రోజు ఆ మాట బ్రోకరుకి చెప్పి, ఇద్దరూ మెట్ల మీద కూలబడి పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఈ మూడు నెలల్లో ఆయన నవ్వింది ఆ ఒక్కసారే.

"ఇదిగో, మొదట్లో ఓ సంసారం సంగతి చెప్పావు చూడు" అన్నాడిప్పుడు కళ్ళజోళ్ళాయన, గోడకి ఆనుకుని. "మొగుడూ పెళ్ళాం, ఇద్దరు పిల్లలు."

"సగం అద్దెకి ఇవ్వగలరా అని అడిగాను సార్. ఇదేమన్నా సత్రమా అని కసిరారు."

"నోటిదూల. ఇప్పుడు ఆ సగానికే ఇస్తాను. రమ్మను."

బ్రోకరు హెల్మెట్టు పట్టీ వేలికి చుట్టాడు, విప్పాడు.

"వాళ్ళకి ఇల్లు దొరికింది సార్."

"అదృష్టవంతులు. ఎంతకేమిటి?"

"చవగ్గానే సార్."

ఇంటికెళ్ళి చెప్తే భార్య మిషను ఆపింది.

"అమ్మేయండి" అంది. "కంటినిండా నిద్రన్నా పడుతుంది."

మర్నాడు పొద్దున్నే, కొన్నదానికన్నా బాగా తక్కువకి అడుగుతున్న మనిషికి ఫోన్ చేసి సరేనన్నాడు. బ్రోకరుకి చెప్పడానికి మొహం చెల్లలేదు. తన కోసం అంత తిరిగినవాడికి ఏమని చెప్పాలి? అతనికి తెలియకుండా వెళ్ళి తన నాలుగు చొక్కాలూ తెచ్చేసుకుందామనుకున్నాడు. బీరువాలోంచి రెండో తాళంచెవి తీసుకుని, మిట్టమధ్యాహ్నం రెండు బస్సులు మారి వెళ్ళాడు.

బాల్కనీ కింద ఆగి తలెత్తి చూశాడు. చొక్కా అంచు నుంచి ఓ నీటిచుక్క జారి కళ్ళజోడు మీద పడింది. తుడుచుకుని మెట్లెక్కాడు.

తలుపుకి తాళం లేదు.

బ్రోకరు మరెవర్నో తెచ్చాడేమో! వాళ్ళకి నచ్చిందేమో! ఆశ ఎంత సిగ్గులేనిదో, గుండె గబగబా కొట్టుకుంది. ఒక్క ఫోన్ చేస్తే అమ్మకం ఆపేయొచ్చు. తలుపు తట్టాడు.

తడిచేతులు తుడుచుకుంటూ తలుపు తీసిన ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసి, మేకుకి ఎర్ర హెల్మెట్టు వేలాడుతున్న హాల్లోకి తిరిగి, "ఏమండీ, ఇల్లు చూసేవాళ్ళు అప్పుడే వచ్చేశారు, నాలుగింటికని చెప్పలేదా, సామాను ఇంకా చిన్న గదిలోకి సర్దనే లేదు!" అని కేకేసింది.