ఆయన ఏ సెక్షను?

ఆ శనివారం గళ్ల చొక్కాయన మీటింగుకు రాలేదు.

వస్తాడులే అని అకౌంటెంటుగారు చాలాసేపు చూశారు. ఆయన లేకపోతే అక్కడ మాట్లాడుకోవడానికి ఏమీ లేదని ఆ తర్వాతే అందరికీ తెలిసొచ్చింది.

కాలేజీలో పేద పిల్లల చదువుకు వచ్చే సాయం నిబంధనల ప్రకారం నడుస్తోందా లేదా అని చూసే కమిటీ అది. ఎవరు క్లాసులు మానేశారో హాజరు సెక్షను చెప్పాలి. ఎవరు గది ఖాళీ చేశారో హాస్టలు చెప్పాలి. ఎవరు తప్పారో పరీక్షల సెక్షను చెప్పాలి. అవన్నీ కలిపి గడువులోగా పైకి పంపాలి. ఒక్క కాగితం తగ్గినా పిల్లల సాయం ఆగిపోతుంది.

ఇది అందరి బాధ్యత అని గోడ మీద బోర్డు కూడా పెట్టారు. పెట్టి, ఎవరి మానాన వాళ్లు ఊరుకున్నారు. హాజరు వాళ్లు హాస్టలు పంపుతుందనుకున్నారు, హాస్టలు వాళ్లు పరీక్షల వాళ్లు పంపుతారనుకున్నారు. పదిమందిలో పాము చావదని పెద్దలు ఊరికే అన్నారా?

ఆ పాము పని పట్టేది గళ్ల చొక్కాయనొక్కడే.

ఆరేళ్ల కిందట కొందరు పిల్లలకు సాయం ఆగిపోయి, పైనుంచి అక్షింతలు పడితే ఈ కమిటీ వేశారు. మొదటి మీటింగు రోజు ఆయన తలుపు దగ్గర తటపటాయిస్తూ నిలబడ్డాడు. అకౌంటెంటుగారే చెయ్యూపి పిలిచి ఖాళీ కుర్చీ చూపించారు. ఆయన రెండుసార్లు నోరు తెరిచాడు. మీ సంగతి చివర్లో చెబుదురుగాని అని అకౌంటెంటుగారు రెండుసార్లూ ఆపేశారు.

చివరికి, సెక్షన్ల చుట్టూ తిరిగి కాగితాలు పోగుచేసేదెవరనే మాట వచ్చింది. అందరూ టీ కప్పుల్లోకి చూసుకున్నారు.

"మీరు చూస్తారా?" అన్నారు అకౌంటెంటుగారు ఆ కొత్తాయనతో.

"ఎవరూ చూడకపోతే ఏమవుతుందండీ?"

"ఏముంది, మళ్లీ ఎవరో ఒక పిల్లకి సాయం ఆగిపోతుంది."

ఆయన తన గుడ్డసంచిని మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు.

"అయితే నేను చూస్తానండీ."

గండం గడిచిందనుకుని అందరూ లేచిపోయారు. ఆయన చెప్పాలనుకున్నదేమిటో అడగడం ఎవరికీ గుర్తులేదు.

అది మొదలు ఆయన ప్రతి బల్ల దగ్గరికీ వచ్చి నిలబడేవాడు. రేపు రమ్మంటే రేపు వచ్చేవాడు. ఎల్లుండి రమ్మంటే ఎల్లుండి. హాజరు గుమస్తా ఆయన్ని చూడగానే బాత్రూములోకి దూరితే, బయట బెంచీ మీద ఓపిగ్గా కూర్చునేవాడు. జిడ్డు మనిషని పేరు పడింది. కాగితాలను సూదీదారంతో కుట్టి తెచ్చేవాడు. స్టేప్లరుకు కూడా దిక్కులేని సెక్షను ఎవరిదో అని అందరూ నవ్వుకునేవారు. హాస్టలు వాళ్లు ఆయనది పరీక్షల సెక్షను అనుకున్నారు. పరీక్షల వాళ్లు లైబ్రరీ అనుకున్నారు. గేటు దగ్గర వాచ్‌మన్ సలాము కొట్టేవాడు. చేతిలో ఫైలుంటే కాలేజీలో ఏ తలుపైనా తెరుచుకుంటుంది మరి.

ఆరేళ్లలో ఒక్కరికీ సాయం ఆగలేదు.

ఈసారి గడువు దాటింది. కాగితాలు అందలేదు కాబట్టి సాయం నిలిపేశామని పైనుంచి తాఖీదు వచ్చింది. మర్నాడు హాస్టలు వార్డెనమ్మ అకౌంట్సు గదికి వచ్చి, మొదటి ఏడాది పిల్ల ఒకతి పెట్టె సర్దుకుంటోందని చెప్పింది. ఫీజుకు వేరే దారి లేదని ఆ పిల్ల ఏడుస్తోందట.

ముందు గళ్ల చొక్కాయన్ని పట్టుకురమ్మన్నారు ప్రిన్సిపాలుగారు. తీరా చూస్తే ఆయన పేరు ఎవరికీ తెలియదు. మీ వాడంటే మీ వాడని సెక్షన్లన్నీ ఒకదాన్నొకటి చూపించాయి. ఆయన ఫైళ్లు తెచ్చే గుడ్డసంచి మీద ఒక టైలరు షాపు పేరుండేదని వార్డెనమ్మకు గుర్తొచ్చింది. అక్కడ బట్టలు కుట్టించుకుంటాడు కాబోలు, అడిగితే ఇల్లు చెబుతారని అకౌంటెంటుగారూ ఆవిడా బయల్దేరారు.

ఇరుకు షాపు. మెడలో టేపుతో ఒక అమ్మాయి మిషను తొక్కుతోంది. వెనక కొక్కేనికి ఆ గళ్ల చొక్కా వేలాడుతోంది. అకౌంటెంటుగారు దాన్ని చూపించి ఆయన ఎక్కడని అడిగారు.

"నాన్నగారు పోయి నెల కావస్తోందండీ," అంది ఆ అమ్మాయి.

అకౌంటెంటుగారు అక్కడున్న స్టూలు మీద కూలబడ్డారు. ఆరేళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చుని పేరైనా అడగనందుకు ఆయనకు సిగ్గేసింది.

కాలేజీ నుంచి వచ్చామనగానే ఆ అమ్మాయి ముఖం విప్పారింది.

"అయితే ఈ ఏడు కూడా ఎవరికీ ఆగలేదు కదండీ? ఆసుపత్రిలో కూడా అదే కలవరించారు."

వార్డెనమ్మ తల దించుకుంది. అకౌంటెంటుగారు మాట మార్చబోయారు.

"కాలేజీ తరఫున ఏదైనా చేద్దామమ్మా. ఇంతకీ ఆయన మా దగ్గర ఏ సెక్షను?"

"సెక్షనేమిటండీ? నాన్నగారు ఎప్పుడూ ఈ మిషను మీదే పనిచేశారు."

"మరి మా మీటింగులకి..."

ఆ అమ్మాయి ఒళ్లోని గుడ్డ మడత సరిచేసుకుంది. ఆమె గొంతులో కోపం లేదు.

"నేను మీ కాలేజీలోనే రెండో ఏడాదిలో ఉండగా సాయం ఆగిపోయి చదువు మానేశానండీ. అదెందుకు ఆగిందో అడుగుదామని నాన్నగారు వస్తే, ఎవరో సారు లోపలికి పిలిచి కూర్చోబెట్టి, మీ సంగతి చివర్లో చెబుదురుగాని అన్నారట."