తగ్గిపోతున్న వాక్స్

పెద్దాయన తన కారు ఎడమ తలుపు మీద వేలు ఆనించి మెల్లగా లాగాడు. వేలు జర్రున జారిపోయింది. చుట్టూ తిరిగి వెళ్ళి కుడి తలుపు మీద లాగాడు. కాస్త గరుకు తగిలింది.

"ఏమేవ్! కారుకి వాక్స్ ఎవరు పెట్టారు?"

భార్య వంటింట్లోంచే కేకేసింది. "ఎవరు పెడతారు? పోయిన నెల మీరే కదండీ పెట్టింది."

పెట్టాడు. కానీ కారంతా పెట్టాడు, ఒక్క పక్కకే కాదు. జీవితమంతా బస్సు నడిపి రిటైరైన మనిషి ఆయన. సర్వీసులో బండికి గీత పడనివ్వలేదని డిపోలో అందరూ మెచ్చుకుని పంపారు. అప్పుడు చేతికొచ్చిన డబ్బుతో ముచ్చటపడి కొన్న కారిది. దుమ్ము పూర్తిగా కడగనిదే దానికి గుడ్డ తగలనివ్వడు. నీడలో నిలబెట్టి, వాక్స్ పలచగా రాసి, ఆరి తెల్లగా పొర కట్టాకే తుడుస్తాడు. ఇప్పుడు తలుపు పిడి సందులో గోటితో గీకితే తెల్లటి పొడి రాలింది. తన చేతి పని అలా ఉండదు.

షెడ్డులోకి వెళ్ళి చూశాడు. గీతలు పోగొట్టే పాలిష్ ట్యూబు చివరిదాకా చుట్ట చుట్టేసి ఉంది. వాక్స్ డబ్బాలో అడుగు కనిపిస్తోంది.

అంటే గీత పడింది. ఎవరో చెరిపేశారు. ఎవరో ఏమిటి, ఇంట్లో ఉన్నది తామిద్దరే!

ఆ చిరాకులోనే లోపలికొస్తుంటే ఎడమ మోచెయ్యి తగిలి బల్ల మీది గ్లాసు భళ్ళున పగిలింది.

"దారికి అడ్డంగా పెడతావేం?"

ఆవిడ నోరెత్తకుండా గాజు ముక్కలు ఏరింది. ఎప్పుడూ మాటకు మాట అప్పజెప్పే మనిషి! ఆయన అనుమానం ఇంకో మెట్టెక్కింది.

మర్నాడు మనవరాలిని బడి దగ్గర దింపడానికి పక్క వీధిలోని కూతురింటికి వెళ్ళాడు.

"నేను ఇకనుంచి బస్సులో వెళ్తా తాతయ్యా" అంది పిల్ల, వాళ్ళమ్మ మొహం చూస్తూ.

"మీ అమ్మమ్మ ఏమన్నా చెప్పిందా?"

"అబ్బే, లేదు నాన్నా" అంది కూతురు, మరీ తొందరగా.

అందరూ కలిసి తన వెనక ఏదో నడిపిస్తున్నారు. తను మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు కారు బయటికి వెళ్తోందా? పడుకోబోయే ముందు మీటరు చూసి, లేచాక మళ్ళీ చూశాడు. అంకె కదల్లేదు. కదలని బండిని ఎందుకు తోముతున్నట్టు? ఆయనకి బుర్ర వేడెక్కిపోయింది.

ఆ తర్వాతి రోజు మార్కెట్టు నుంచి వచ్చి, కారు గేటు లోపల పెట్టి, అన్నం తిని పడుకుని గురక నటించాడు. వంటింటి తలుపు కిర్రుమంది. కాసేపు ఆగి, చెప్పులు లేకుండా బయటికి నడిచాడు.

ఆవిడ కారు ఎడమ తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని గుడ్డతో రుద్దుతోంది.

"దొరికావు!"

ఆవిడ చేతిలోంచి గుడ్డ జారిపోయింది. ఆయన వంగి తలుపు తడిమాడు. సగం చెరిగిన గీత వేలికి తగిలింది.

"మీ తమ్ముడికి తాళం ఇచ్చావా?"

"వాడు మన గడప తొక్కి ఏడాదైంది."

"అయితే నువ్వే చాటుగా నేర్చుకుంటున్నావు."

"నాకు స్టార్ట్ చేయడమే రాదండీ."

"మరి ఎవరిని వెనకేసుకొస్తున్నావు? నా మొహం చూసి చెప్పు!"

ఆవిడ తలెత్తింది. కళ్ళ నిండా నీళ్ళు.

"చెప్తే మీరు మళ్ళీ స్టీరింగు ముట్టుకోరని భయం. అందుకే రుద్దుకుంటూ వచ్చాను. కానీ పసిపిల్లని ఎక్కించడానికి మాత్రం మనసొప్పలేదు."

"ఏమిటే ఆ మాటలు?" ఆయన గొంతులో కోపం సగం దిగిపోయింది. "ఏమైందని?"

ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది.

"మీకు ఎడమవైపు కనిపించడం లేదండీ."