పేరు కనపడని మనిషి

స్వామీ, నోటితో చెప్పుకోలేక ఇన్నాళ్ళకు కలం పట్టాను.

మా అమ్మాయి హరిత ఇంటి నుంచే ఉద్యోగం చేస్తుంది. ఒక ఆసుపత్రి కోసం తన కంపెనీ నడిపే వెబ్‌సైటులో ఎవరు ఏ పేజీ చూస్తున్నారో గమనించడం పని.

"కడపలోనే ఎవరో రోజూ క్యాన్సర్ పేజీ సదువుతాండారు మా. పేరు కనపడదు," అనింది. ఆ మనిషి కోసం రోజూ నీకు దీపం పెట్టాను.

ఈరోజు ఆ మనిషి ఆ పేజీ మళ్ళీ తెరిచినట్టు హరిత కంప్యూటర్‌లో కనపడింది. దాన్ని చూస్తూనే వరండాలోని మా ఆయన్ను కేకేశాను.

"ఏమండీ, అన్నం పెట్టినా, రాండి!"

ఆ క్షణమే తెర మీద ఆ పేజీ మూతపడింది.

ఆయన ఫోను జేబులో పెట్టుకుంటూ వచ్చారు. "ఏం, తల్లీబిడ్డలు దెయ్యాన్ని చూసినట్ల చూస్తాండారు?" అని నవ్వారు.

అడగలేక మారు వడ్డించాను.

ఈ కాగితం నీ పటం వెనక దాచుకో స్వామీ, ఆయనకు చూపకు. మాకు తెలీదన్న ధైర్యంతోనే నవ్వుతున్నారు.