కబురు చెప్పే పాఠం

శాంతయ్య అయ్యవారి గొడుగు పోయిన రోజది. పొద్దున భార్య విశ్వాసమ్మ చేతికిచ్చి పంపిన గొడుగును దారిలో ఎక్కడో వదిలేసి, మిట్టమధ్యాహ్నం ఎండలో ఉత్త నెత్తితో తరగతికి వచ్చాడు.

“గొడుగేది అయ్యవారూ?” అంది కృపమణి.

“యాడ పెట్టినానో తెలీదమ్మా.”

అతని ముఖం పీక్కుపోయి ఉంది. “గొడుగు పోతేనే ఇంత దిగులా! గొర్రె పోయింటే ఏమయ్యేవాడో,” అని గిడ్డయ్య లేవి చెవిలో గొణిగాడు.

ఆత్మకూరు మిషన్ బడిలో కృపమణి, గిడ్డయ్య, లేవి ముగ్గురూ సంఘసేవ నేర్చుకుంటున్నారు. యుద్ధం జరుగుతున్న రోజులు. పటాలంలో చేరినవాళ్ల ఇళ్లకు పోయి మంచీ చెడూ కనుక్కోవడం వాళ్ల పని. ఏడుపొచ్చినా, నవ్వొచ్చినా, కోపమొచ్చినా అదుపులో పెట్టుకోవాలన్నది మొదటి పాఠం. కృపమణి బండి అక్కడే ఆగిపోయింది. పక్కింటి మేక ఈనినా ఆమెకు కళ్లనీళ్లే. ఇంకొక్కసారి ఏడిస్తే ఇంటికి పంపించేస్తామని బడివాళ్లు చెప్పేశారు.

“ఈ పొద్దు ఒక ఇంటికి పోయి కబురు చెప్పాల,” అన్నాడు అయ్యవారు. “కొడుకు యుద్ధంలో చచ్చిపోయినాడు. తల్లికింకా తెలీదు. ఎవరు సరిగ్గా చెప్తే వాళ్లు నాతో రావాల. నేనే ఆ తల్లిననుకోండి.”

కండువా నెత్తిన ముసుగేసుకుని నేలమీద కూర్చున్నాడు.

ముందు లేవి పోయాడు. మన సీమలో చావు కబురు నేరుగా చెప్పరు కదా!

“అమ్మా, నీ కొడుక్కు కొంచెం జొరమంట.”

“అయ్యో! శొంఠి కషాయం కాచిస్తా, పంపిస్తావా నాయనా?” అంది ముసుగు.

“జొరం... శానా ఎక్కువంట.”

“అయితే రెండు చెంబులు కాస్తా.”

లేవి చేతులెత్తేశాడు.

గిడ్డయ్య వస్తూనే గుండెలు బాదుకున్నాడు. “ఏమప్పా, మీ ఇంట్లో ఎవురు పోయినారు?” అంటూ ముసుగే అతని వీపు నిమిరింది. కృపమణి పకపకా నవ్వింది.

“ఇంక నువ్వు రామ్మా,” అంది ముసుగు. “మావాడు ఎట్లుండాడు? జొన్నరొట్టె లేకుంటే వానికి ముద్ద దిగదు. ఆడ ఏం తింటాండాడో ఏమో!”

వెనక ఇద్దరూ కిసుక్కుమన్నారు. కృపమణికి మాత్రం కళ్లు నిండుకొచ్చాయి. పెదవి కొరుక్కుంది. ‘మీరే ఏడిస్తే ఇంక వాళ్లు ఎవరి దగ్గర ఏడ్వాల?’ అని అయ్యవారు రోజూ అనే మాటను గట్టిగా పట్టుకుంది.

“అమ్మా, నేను తెచ్చింది మంచి మాట కాదు. నీ కొడుకు యుద్ధంలో చచ్చిపోయినాడు. నేను ఈడే కూసుంటా. యాడికీ పోను.”

ముసుగు మోకాళ్లమీదికి వంగిపోయింది.

“అయ్యవారు నాటకాల్లో చేరాల్సిందిరా!” అన్నాడు లేవి.

“ఇంకొకసారి చెప్పమ్మా.”

కృపమణి మళ్లీ చెప్పింది. ఈసారి కూడా ఏడవలేదు.

అయ్యవారు ముసుగు తీసి, దాంతోనే ముఖం తుడుచుకుని లేచాడు.

“పాసైనావు. పోదాం పా.”

ఇంటికి పంపరన్న సంతోషం కృపమణి ముఖంలో దాగలేదు. “ఎవరింటికి అయ్యవారూ?”

“మా ఇంటికేనమ్మా, విశ్వాసమ్మకు నేనింకా చెప్పలేదు.”